తంజోంగ్ పగార్‌లో ఇరొక్వాల అడవి

ఇరొక్వాలకూ హురాన్లకూ మధ్య యుద్ధాన్ని ఆపింది నేనే. ఒక శుక్రవారం మధ్యాహ్నం, భోజనానికి లేచే ముందు, సింగపూర్ తంజోంగ్ పగార్‌లో ఒక పాత దుకాణం మేడమీద కూర్చుని ఆపేశాను. పెద్ద కష్టమేమీ కాలేదు. యుద్ధం మొదలుపెట్టే లైన్ల ముందు ఒక చిన్న గుర్తు పెడితే కంప్యూటర్ వాటిని చదవకుండా దాటేసి పోతుంది. గుర్తు పెట్టాను, కిందికి దిగి, చవక తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో నూడుల్స్ తిన్నాను, వచ్చి కూర్చున్నాను. ఉత్తర అమెరికాలో శాంతి నెలకొంది.

రిటైరయ్యాక ఇక్కడి తెలుగు పిల్లలు కలిసినప్పుడల్లా అడుగుతుంటారు, "ఆంటీ, మీ టైమ్‌లో ఐటీ అంటే వైటూకే ఒక్కటే కదా?" అని. రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేసి ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు మా తరంలో ఉన్నమాట నిజమే. నాకా యోగం పట్టలేదు. అందరూ బ్యాంకుల్లోకీ విమానాల కంపెనీల్లోకీ పోతే నాకు బీవర్లు దొరికాయి. బీవర్ అంటే వాగుల్లో ఆనకట్టలు కట్టుకుని బతికే ఒక బొచ్చు జంతువు. దాని బొచ్చుతో టోపీలు చేయించుకోవాలని యూరప్ మగవాళ్ళకు ఒకప్పుడు పిచ్చి పట్టింది. ఆ టోపీల పిచ్చి వల్ల అట్లాంటిక్‌కి అవతల ఎన్ని జాతుల బతుకులు తలకిందులయ్యాయో బడిపిల్లలకు చెప్పే కంప్యూటర్ ఆట ఒకటి మేం తయారుచేస్తున్నాం.

కెనడాలో పాఠ్యపుస్తకాలు వేసే ఒక సంస్థ ఈ ఆటను సీడీగా చేయించాలనుకుంది. అక్కడ చేయిస్తే ఖర్చెక్కువని సింగపూర్ వైపు చూసింది. సింగపూర్‌లో మా బాస్ కనిపించాడు. మా బాస్ ఇక్కడి చైనీస్ మనిషి, అంతకు ముందు కారియోకీ యంత్రాలు అమ్మేవాడు. ఇంటర్నెట్ బూమ్ రాగానే బోర్డు మార్చి మల్టీమీడియా అని రాయించాడు. ఇరొక్వాల గురించి అతనికి ఏమీ తెలియదు. మాకూ తెలియదు. కాంట్రాక్టు వచ్చిన రోజు ఆ పేరు ఎలా పలకాలో తెలియక మనిషికో రకంగా పలికాం.

మీకు ఆ ఇబ్బంది లేకుండా రెండు ముక్కల్లో చెప్తాను. ఇరొక్వాలంటే ఒక జాతి కాదు, అయిదు జాతుల కూటమి. తర్వాత ఆరోది కూడా వచ్చి చేరింది. ఒకే పొడుగాటి ఇంట్లో ఎన్నో కుటుంబాలు కలిసి ఉండేవాళ్ళు కాబట్టి తమను తాము పొడుగింటి జనం అనుకునేవారు. వాళ్ళకు ఉత్తరాన హురాన్లు. భాషలు దగ్గరివి, పద్ధతులు దగ్గరివి, ఒక రకంగా దాయాదులు. దాయాదుల మధ్య ఉండే ప్రేమే వాళ్ళ మధ్యా ఉండేది. హురాన్లు ఫ్రెంచివాళ్ళతో చేతులు కలిపారు. ఇరొక్వాలు మొదట డచ్చివాళ్ళతో, తర్వాత ఇంగ్లీషువాళ్ళతో కలిపారు. బీవర్ చర్మాలిచ్చి తుపాకులూ రాగి కుండలూ పుచ్చుకున్నారు. ఇరొక్వాల నేలమీద బీవర్లు అయిపోవచ్చాయి. హురాన్ల వైపు ఇంకా ఉన్నాయి. అక్కడినుంచి గొడవ ముదిరింది.

మా బాస్ ఈ ఖండాన్ని ఇద్దరికి పంచాడు. ఇరొక్వాలు, హురాన్లు, ఇతర స్థానిక జాతులు ఎప్పుడేం చెయ్యాలో రాసే పని నాది. డచ్చి, ఫ్రెంచి, ఇంగ్లీషువాళ్ళ పని నా పక్క బల్ల భాయ్‌ది. మా తాతల నాటి తెలుగులో డచ్చివాళ్ళను వలందేజులు, ఫ్రెంచివాళ్ళను పరాసులు అనేవాళ్ళని నేనొకసారి చెప్తే భాయ్‌కి తెగ నచ్చి, తన ఫైళ్ళన్నిటికీ ఆ పేర్లే పెట్టుకున్నాడు.

భాయ్ హైదరాబాద్ కుర్రాడు, నాకంటే చిన్నవాడు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, మాతో తెలంగాణ తెలుగు. కొత్తగా పెళ్ళయింది. బూన్ లేలో ఒక గది అద్దెకు తీసుకుని భార్యను అప్పుడే రప్పించుకున్నాడు. నాది అనంతపురం వైపు. బుకిట్ పంజాంగ్‌లో ఫ్లాట్, మా అమ్మాయి అప్పుడే ఒకటో క్లాసు. మా ఆయన పనిచేసే కంపెనీ మూతపడి, ఆయన వంట నేర్చుకుంటున్న కాలం అది. అంటే మేం ముగ్గురం సింగపూర్‌లో ఉండడం నా వర్క్ పాస్ మీద ఆధారపడి ఉంది. ఆ పాస్ మా బాస్ మీద, మా బాస్ ఈ సీడీ మీద. భాయ్ సంగతీ అంతే.

అలాంటప్పుడు ఇద్దరం ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచెయ్యాలి కదా? మేం మాట్లాడుకోవడం మానేశాం.

కారణం ఒక అడవి. ఆటలో డచ్చివాళ్ళు వచ్చి నది ఒడ్డున సరుకు దుకాణం పెట్టుకుంటామని అడుగుతారు. ఇరొక్వాల తరఫున ఆడే పిల్ల 'సరే' నొక్కుతుంది. నొక్కగానే నది పక్కన ఉన్న అడవంతా బూడిదరంగు అయిపోతుంది. ఇరొక్వా వేటగాళ్ళు అందులో అడుగు పెట్టలేక అంచున నిలబడి కాళ్ళు ఆడిస్తుంటారు. తప్పు నీదంటే నీదని వాదించుకున్నాం. నా వైపు కోడ్‌లో ఏ తప్పూ లేదు. భాయ్ వైపూ లేదని భాయ్ అన్నాడు. గొంతులు లేచాయి. ఆ తర్వాత నాకు ఏదైనా కావాలంటే బాస్‌కి చెప్పేదాన్ని, బాస్ పక్క బల్లకు నడిచి వెళ్ళి భాయ్‌కి చెప్పేవాడు. రాయబారాలు మోయలేక అతనొకసారి విసుక్కున్నాడు. "యూ టూ సెటిల్ యువర్‌సెల్ఫ్ లా! ఐ యామ్ బాస్ ఆర్ పోస్ట్‌మ్యాన్?"

అంతలో కెనడా నుంచి కబురొచ్చింది. సీడీని చూసి ఒప్పుకోవడానికి ఒకామె వస్తోంది. రిటైరైన చరిత్ర టీచరు, ఇరొక్వా కూటమిలోని మోహాక్ జాతి మనిషి. ఆమె సరేనంటేనే సీడీ, లేకపోతే లేదు.

బాస్‌కి చెమటలు పట్టాయి. "షీ ఈజ్ ది రియల్ వన్, యూ నో!" అంటూ నా బల్ల దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. ఆమె జాతివాళ్ళను ఆమెకే చెడ్డవాళ్ళుగా చూపిస్తే ఊరుకుంటుందా, ఆ హురాన్ల ఊళ్ళు తగలబెట్టడం అదీ తీసేయ్, అందరినీ మంచివాళ్ళను చెయ్యమన్నాడు. అలా ఆ శుక్రవారం నేను యుద్ధం ఆపాను.

ఆమె వచ్చిన ఉదయం బాస్ ఆర్కిడ్ పూలగుత్తి పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డాడు. ఈకల కిరీటం వస్తుందనుకున్నాడో ఏమో, టాక్సీలోంచి నెరిసిన జడ, బూట్లు, పూల చొక్కాతో ఒక బొద్దు మనిషి దిగేసరికి ఆమెను దాటి వెనక్కి చూశాడు. ఆమే అని తెలిశాక వంగి, "వెల్కమ్ టు సింగపూర్, చీఫ్!" అన్నాడు.

"చీఫ్‌ని కాను నాయనా," అందామె. "మాలో చీఫ్‌ని పెట్టేదీ తీసేదీ పెద్ద ఆడవాళ్ళు. నేనింకా వాళ్ళకు భయపడే వయసులోనే ఉన్నాను."

ఇక్కడి అలవాటు ప్రకారం మేం ఆమెను ఆంటీ అనడం మొదలుపెట్టాం. మొదటి పది నిమిషాల్లోనే ఆమె కిటికీలోంచి చూసి, ఎదురుగా ఉన్న హెచ్‌డీబీ ఫ్లాట్లు ఏమిటని అడిగింది. ప్రభుత్వం కట్టించిన ఇళ్ళు, ఒక్కో బ్లాకులో చాలా కుటుంబాలు ఉంటాయని చెప్పాం. "మా పొడుగిల్లే! ఎవరో లేపి నిలబెట్టారు," అంది.

మధ్యాహ్నం అందరం కింద హాకర్ సెంటర్‌కి దిగాం. జనం కిక్కిరిసి ఉన్నారు. ఒక్క బల్ల ఖాళీగా కనిపిస్తే ఆంటీ వెళ్ళి కూర్చోబోయింది. భాయ్ కంగారుగా ఆపాడు. బల్లమీద టిష్యూ ప్యాకెట్ ఉంది.

"దిస్ టేబుల్ చోప్ ఆల్రెడీ ఆంటీ," అన్నాడు. అంటే ఎవరో ఆ ప్యాకెట్ పెట్టి అన్నం తెచ్చుకోవడానికి పోయారు. ప్యాకెట్ ఉన్నంతసేపు బల్ల వాళ్ళదే. ఎవరూ కూర్చోరు.

ఆంటీ ఆ ప్యాకెట్‌ని చాలాసేపు చూసింది. "మా దగ్గరికి వచ్చినవాళ్ళు జెండా పెట్టారు. మీవాళ్ళు నయం, కనీసం ముక్కు తుడుచుకోవడానికి పనికొచ్చేది పెట్టారు."

నేనూ భాయ్ ఒకేసారి నవ్వాం. మాట్లాడుకోవడం లేదని గుర్తొచ్చి ఒకేసారి ఆపాం.

భోజనమయ్యాక అసలు పరీక్ష మొదలైంది. ఆంటీ కళ్ళజోడు పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. ఇరొక్వాల తరఫున ఆడతానంది. నేను వెనక కుడివైపు, భాయ్ ఎడమవైపు, మధ్యలో బాస్. బీవర్లు పట్టింది, చర్మాలు అమ్మింది, తుపాకులు కొంది. బీవర్లు అయిపోయాయి. ఆంటీ చేతులు మడుచుకుని తెరవైపు చూస్తూ కూర్చుంది. తెరమీద హురాన్లు మొక్కజొన్న కోసుకుంటున్నారు. పక్షులు కూస్తున్నాయి. ఆ పక్షుల కూత భాయ్ పెట్టిందే, చాలా బాగుంటుంది.

"ఏం జరగడం లేదే?" అంది చివరికి.

"శాంతి," అన్నాడు బాస్ గర్వంగా.

"బీవర్లు అయిపోయాయి. తుపాకులు మా చేతుల్లో ఉన్నాయి. మశూచి వచ్చి ఇంటింటా మనుషులు పోయారు. మా కుర్రాళ్ళు ఎక్కడ? హాకర్ సెంటర్‌కి వెళ్ళారా?"

బాస్ నా వైపు చూశాడు. ఇప్పుడు అది నా సొంత ఆలోచన అన్నట్టుగా చూశాడు.

"మీకు కష్టంగా ఉంటుందేమోనని యుద్ధం తీసేశాం ఆంటీ," అన్నాను.

"ఎవరి కష్టం కోసం?" ఆమె కుర్చీ మా వైపు తిప్పుకుంది. "మొన్నటిదాకా పుస్తకాల్లో మమ్మల్ని రాక్షసులు చేశారు. ఇప్పుడు మీరు దేవతలను చేశారు. రెండింట్లోనూ మనుషులు లేరు. హురాన్ల ఊళ్ళు మావాళ్ళు తగలబెట్టారు. బతికినవాళ్ళను పట్టుకొచ్చి, మా ఇళ్ళలో చనిపోయినవాళ్ళ స్థానంలో పెట్టుకున్నారు. మా అమ్మవైపు అలా వచ్చిన హురాన్ పిల్ల ఒకతె ఉందని మా ఇంట్లో చెప్పుకుంటారు. చచ్చిపోయిన కూతురి పేరు ఆమెకు పెట్టి పెంచారట. అది మంచా చెడా అని నన్నడగొద్దు. ఆమె తన ఊరిని తలుచుకుని ఎంత ఏడ్చిందో నాకు తెలియదు. ఆమె లేకపోతే నేను మాత్రం లేను."

"బట్... స్కూల్ కిడ్స్, ఆంటీ," అని గొణిగాడు బాస్.

"పిల్లలకే చెప్పాలి. పెద్దవాళ్ళు ఎలాగూ వినరు."

నేను వంగి, ఆమె భుజం మీదుగా చెయ్యి చాపి, ఆ చిన్న గుర్తు తీసేశాను. యుద్ధం మళ్ళీ వచ్చింది. ఉద్యోగం పోతుందేమోనన్న భయంలో కూడా నాకు లోపల తేలికపడిన మాట నిజం. ఆ లైన్లు రాయడానికి చాలా శ్రమపడ్డాను.

ఆంటీ మళ్ళీ మొదటినుంచి ఆడింది. ఈసారి డచ్చివాళ్ళు పడవలో వచ్చి నది ఒడ్డున దుకాణం పెట్టుకుంటామని అడిగారు. ఆ అడవి గొడవ మేం ఇంకా తేల్చలేదు. నేను భాయ్ వైపు చూశాను, భాయ్ నా వైపు చూశాడు. ఆంటీ 'సరే' నొక్కింది. అడవి బూడిదరంగు అయింది. వేటగాళ్ళు అంచున నిలబడి కాళ్ళు ఆడించసాగారు.

"నా అడవి ఏది?" అంది ఆంటీ.

"బగ్, బగ్! స్మాల్ బగ్ ఓన్లీ!" అన్నాడు బాస్.

"నా దగ్గర ఏం లేదు," అన్నాడు భాయ్ వెంటనే, తెలుగులో. ఎన్నో రోజుల తర్వాత నాతో నేరుగా అన్న మొదటి మాట అది. "సరే అని నొక్కినంక సరే అన్నట్టే గదా అక్కా! సంతకం వెట్టినంక భూమి ఆళ్ళదే. నా కోడ్ గట్లనే రాసిన."

"ఏంది భాయ్ ఆళ్ళది? ఒక మూల కొట్టు పెట్టుకోని ఉండమన్న్యాం. ఉండమంటే అడవంతా రాసిచ్చినట్టా? మా అడవిలోకి మమ్మల్నే రానీకపోతే ఎట్లా?"

"మరి సరే అని ఎందుకన్నరు? ముందుగాల సరే అని, మల్లొచ్చి కుందేళ్ళు గొట్టుకుంటమంటే మా వలందేజులు ఊకుంటరా?"

"మీ వలందేజులు ఎవరు భాయ్ ఊరుకోడానికి? నిన్న వచ్చినోళ్ళు!"

"నిన్న వచ్చినా కొనుక్కున్నరు అక్కా!"

"ఎవరమ్మినారు? అసలు అమ్మేదనేది నా కోడ్‌లోనే లేదు!"

అక్కడ ఇద్దరం ఒకేసారి తెరవైపు చూశాం. నా కోడ్‌లో 'సరే' అంటే ఉండనిస్తున్నామని అర్థం. భూమి ఒకరిదనే లెక్కే అందులో లేదు, ఎవరు ఎక్కడ వేటాడొచ్చు, ఎక్కడ ఉండొచ్చు అన్నదే ఉంది. భాయ్ కోడ్‌లో 'సరే' అంటే అమ్మకం. కంచె వేసుకోవచ్చు, ఇంకెవరినీ రానివ్వక్కర్లేదు. రెండూ తప్పు లేకుండా నడుస్తున్నాయి. అందుకే ఎంత వెతికినా ఎవరికీ తప్పు దొరకలేదు.

"మీ ఇద్దరూ దేని గురించి పోట్లాడుకుంటున్నారో చెప్తారా?" అని అడిగింది ఆంటీ.

చెప్పాం. ముందు నేను, తర్వాత భాయ్, తర్వాత ఇద్దరం కలిసి. ఆమె విని, కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుంది.

"ఎంత కాలంగా సాగుతోంది ఈ గొడవ?"

"చాలా రోజుల నుంచి ఆంటీ," అన్నాడు భాయ్ తలవంచుకుని.

"మాది ఇంకొంచెం ఎక్కువ కాలంగా సాగుతోంది," అంది.

బాస్ ముందుకొచ్చాడు. సాయంత్రానికల్లా సరిచేస్తామన్నాడు. ఏదో ఒక అర్థం మీరే చెప్పండి, అదే పెడతామన్నాడు. అమ్మకమైతే అమ్మకం, ఉండనివ్వడమైతే ఉండనివ్వడం.

"ఒక్క అర్థం పెడితే నేను ఒప్పుకోను," అంది ఆంటీ. "ఒక్క అర్థమే ఉండి ఉంటే నేనిలా ఊళ్ళు తిరిగి పాఠాలు చెప్పే పని ఉండేది కాదు. కొందరు నిజంగా అర్థం కాక చేశారు. కొందరు బాగా అర్థమై, కానట్టు నటించారు. ఈమె పటం ఈమెకు చూపించండి. అతని పటం అతనికి చూపించండి. ఇరొక్వాల తరఫున ఆడే పిల్లకు అడవి పచ్చగానే కనబడాలి. డచ్చి తరఫున ఆడే పిల్లకు తన కంచె కనబడాలి. తర్వాత ఏమవుతుందో వాళ్ళనే చూసుకోనివ్వండి."

అంటే సగం ఆట మళ్ళీ రాయాలి. ఆంటీ తన తిరుగు ప్రయాణం వాయిదా వేసుకుని ఉండిపోయింది. భాయ్ తన కుర్చీ లాక్కొచ్చి నా బల్ల పక్కన వేసుకున్నాడు. పోస్ట్‌మ్యాన్ ఉద్యోగం ఊడినందుకు బాస్ అందరికీ కోపీ, అంటే ఇక్కడి కాఫీ, తెప్పించాడు.

ఆ రోజుల్లో చేసినంత బాగా నేను ఎప్పుడూ పనిచెయ్యలేదు. "అక్కా, నీ హురాన్లు నా పరాసులతోని మస్తు దోస్తీ జేస్తున్నరు, జర చూస్కో," అని భాయ్ హెచ్చరించేవాడు. "నీ పరాసులకి చెప్పు భాయ్, పెండ్లి మాటలు ఇప్పుడే వద్దని," అనేదాన్ని. ఆంటీ మా వెనక కూర్చుని అడ్డం వచ్చేది. ఆటలో నేను ఇరొక్వాలు ఒప్పందాలప్పుడు ఇచ్చుకునే గవ్వపూసల పట్టీలు పెట్టాను, ఒక్కొక్కటి ఇస్తే పది పాయింట్లు వచ్చేలా. "పట్టీ అంటే పాయింట్లు కాదు, ఇచ్చిన మాట," అందామె. "అప్పుడప్పుడు బయటికి తీసి, అందరి ముందూ ఆ మాట మళ్ళీ చెప్పుకోవాలి. లేకపోతే వట్టి పూసలు." భాయ్ భార్య పంపిన బగారా బైంగన్ మా ముగ్గురికీ సరిపోయేది కాదు. ఆంటీ ఎక్కువ తినేది.

తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను, అంత బాగుండదు కాబట్టి. సీడీ బయటికైతే వెళ్ళింది. కొంతకాలానికి బూమ్ పేలిపోయింది, బాస్ బోర్డు మార్చి ట్యూషన్ సెంటర్ పెట్టుకున్నాడు. భాయ్ ఒక బ్యాంకులో చేరాడు, నేను ఓడరేవు సరుకుల సాఫ్ట్‌వేర్‌లో. అక్కడ నా కోడ్‌లో ఎవరూ ఎవరి ఊరూ తగలబెట్టలేదు, అందుకే చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఆ అడవి బగ్ ఎవరిదని మీరడిగితే భాయ్‌దేనని ఇప్పటికీ అంటాను. భాయ్‌ని అడిగితే నాదంటాడు. ఇద్దరం ఇంకా కలుస్తూనే ఉంటాం.

ఆంటీ వెళ్ళిపోయే ముందు ఒక షరతు పెట్టింది. పిల్లలు ఆడగా చూస్తేగాని సంతకం చెయ్యనంది. బుకిట్ పంజాంగ్‌లో మా అమ్మాయి చదివే స్కూల్లో పెద్ద క్లాసు పిల్లలతో ఆడించడానికి ఒప్పించాం. ఇద్దరు అమ్మాయిలను ఎదురెదురు కంప్యూటర్ల దగ్గర కూర్చోబెట్టారు. రెండు జడల అమ్మాయి ఇరొక్వాలు. కళ్ళజోడు అమ్మాయి డచ్చివాళ్ళు. ఇద్దరూ ప్రాణస్నేహితులని టీచరు చెప్పింది.

కళ్ళజోడు అమ్మాయి దుకాణం పెట్టుకుంటానంది. జడల అమ్మాయి 'సరే' నొక్కింది. కాసేపు అంతా బాగానే ఉంది. తర్వాత జడల అమ్మాయి తన వేటగాళ్ళను అడవిలోకి పంపింది. అవతలి తెరమీద గంట మోగింది, దొంగలు పడ్డారని.

"ఎయ్, వై యూ కమ్ ఇన్ మై ప్లేస్!"

"యువర్ ప్లేస్? మై ఫారెస్ట్ వాట్!"

"యూ సైన్ ఆల్రెడీ!"

"ఐ లెట్ యూ స్టే ఓన్లీ! ఐ నెవర్ గివ్ యూ లా! యూ చీట్!"

కళ్ళజోడు అమ్మాయి లేచి ఇవతలికి వచ్చి తెర చూసింది. జడల అమ్మాయి అవతలికి వెళ్ళి చూసింది. ఒకచోట పచ్చటి అడవి, ఒకచోట కంచె. రెండూ కళ్ళెదుట కనబడుతున్నా ఇద్దరూ తగ్గలేదు. అరుపులకి పక్క క్లాసు పిల్లలు తలుపు దగ్గర మూగారు. టీచరు పరిగెత్తుకొచ్చి, మా పిల్లలు ఎప్పుడూ ఇలా ప్రవర్తించరు, క్షమించండి అంటూ ఆంటీ చేతులు పట్టుకుంది. బాస్ పాలిపోయి గోడకు ఆనుకున్నాడు. భాయ్ నా చెవిలో, "అక్కా, సూట్‌కేసులు సర్దుడేనా?" అన్నాడు.

తీర్పు చెప్పమని ఆ అమ్మాయిలిద్దరూ ఆమె దగ్గరికే వచ్చారు. "ఆంటీ, యూ సే! హూ ఈజ్ రైట్?"

"నాకెందుకమ్మా, ఆడుతున్నది మీరు. మళ్ళీ మొదటినుంచి ఆడండి," అంది.

ఇద్దరూ ముఖాలు ముడుచుకుని వెళ్ళి కూర్చున్నారు. మళ్ళీ పడవ వచ్చింది. మళ్ళీ నది ఒడ్డు. మళ్ళీ దుకాణం పెట్టుకుంటామని అడగడం. జడల అమ్మాయి మౌస్ మీద వేలు పెట్టి ఆగింది. కంప్యూటర్ పక్కనుంచి తల వంచి స్నేహితురాలి ముఖంలోకి చూసింది.

"ఫస్ట్ యూ టెల్. స్టే ఓన్లీ, ఆర్ టేక్?" ఉండడానికి మాత్రమేనా, తీసుకోవడానికా?

కళ్ళజోడు అమ్మాయి తెర వైపు చూసింది, పైకప్పు వైపు చూసింది.

"సీ హౌ లా," అంది. చూద్దాంలే అని.

జడల అమ్మాయి మౌస్ మీదనుంచి చెయ్యి తీసేసింది. కుర్చీలో వెనక్కి జరిగి చేతులు కట్టుకుంది.

"దెన్ కెనాట్." అయితే కుదరదు అని.

ఆంటీ బాస్ వైపు తిరిగి పెన్ను అడిగింది.